లాబ్‌స్టర్ ముందు తక్కెడ ఎక్కాలి, తర్వాతే పొయ్యి

సంపాదకులకు,

శీతాకాలం సెలవులు దగ్గరపడగానే పత్రికల నిండా అండమాన్ ప్యాకేజీల ప్రకటనలే. సెల్యులార్ జైలు, రాధానగర్ బీచ్, స్కూబా, ఏదీ వదలరు. వెళ్లినవాళ్లు ఎక్కువగా మోసపోయే లాబ్‌స్టర్ డిన్నర్ గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. చేపల వ్యాపారం తెలిసినవాళ్లుగా నాలుగు మాటలు రాస్తున్నాం, వీలైతే ప్రచురించండి.

మెనూ కార్డులో లాబ్‌స్టర్ ఎదురుగా ధర ఉండదు. ‘సైజును బట్టి’ అనో ‘ఈరోజు రేటు’ అనో ఉంటుంది. గొడవంతా అక్కడే. వెయిటర్ ‘వంద గ్రాములకు మూడు వందలు’ అన్నాడనుకుందాం. 750 గ్రాములది తీసుకుంటే 2,250 రూపాయలు. మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం జీఎస్‌టీ కలిపి 2,362 దాటుతుంది. గది అద్దె రోజుకు 7,500 దాటే పెద్ద రిసార్టుల్లో జీఎస్‌టీ 18 శాతం కాబట్టి అదే లాబ్‌స్టర్ 2,655 అవుతుంది. కాబట్టి ముందే మూడు సంగతులు తేల్చుకోవాలి: ఆ రేటు బతికున్న బరువుకా లేక శుభ్రం చేశాక బరువుకా, వండినందుకు వేరే తీసుకుంటారా, పన్ను కలిపి చెబుతున్నారా. సర్వీస్ చార్జి కట్టి తీరాలనే నిబంధన ఏదీ లేదు. బిల్లులో వాళ్లంతట వాళ్లే వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. సినిమాల్లో కనిపించే లాబ్‌స్టర్‌కు పీతకున్నట్టు పట్టుకునే పెద్ద కాళ్లుంటాయి. అది చల్లటి సముద్రాలది. అండమాన్‌లో దొరికేది ఒంటినిండా ముళ్లు, బారెడు మీసాలు ఉన్న రకం. దానికి ఆ పట్టుకునే కాళ్లు లేవు, తినే కండంతా దాదాపు తోకలోనే. కిలో తూగినదాంట్లో కండ ఇంచుమించు మూడో వంతే వస్తుంది. ‘ఇద్దరికి అరకిలోది చాలు’ అనుకుంటే ఒక్కొక్కరికి దక్కేది నాలుగు ముక్కలు.

ఆర్డర్ పొద్దున్నే చెప్పాలి. లాబ్‌స్టర్ పగలంతా రాళ్ల సందుల్లో దాక్కుని రాత్రి మేతకు బయటికొస్తుంది. అందుకే వేట రాత్రిపూట, సరుకు రేవుకు చేరేది తెల్లవారుజామున. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) జంగ్లీఘాట్ రేవుకు పొద్దున్నే వెళ్తే ఆరోజు ఏం దిగిందో, రేటెంతో తెలిసిపోతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి, తెలుగులోనే అడగొచ్చు. హావ్‌లాక్ దీవిలో (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) అయితే గోవింద్‌నగర్ బజారులో వాకబు చేసి, హోటల్‌కు మధ్యాహ్నంలోపే చెప్పేయండి. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదు దాటితే చీకటే. ఏడింటికి తీరిగ్గా వెళ్లి అడిగితే మిగిలేది ఫ్రీజర్ సరుకు. వేసవిలో వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట బంద్, ఆ వెంటనే వానలు, పోటు సముద్రం. అప్పుడు ‘ఫ్రెష్’ అంటే నమ్మే ముందు ప్రాణంతో చూపించమనండి.

చూపించాక ఏం చూడాలి? వీపు పట్టుకుని పైకెత్తితే తోకను టపటపా కిందికి కొట్టాలి. తోక వేలాడిపోతుంటే దాని పని అయిపోయినట్టే. చచ్చిన లాబ్‌స్టర్‌లో తలలోని జీర్ణరసాలు కండలోకి దిగుతాయి. గంటల్లోనే కండ మెత్తబడి పిండిలా విడిపోతుంది, మసాలా ఎంత పట్టించినా ఆ తేడా పోదు. తర్వాత తలకు రెండు పక్కలా బొటనవేలితో నొక్కండి. పెంకు లోపలికి వంగితే ఈమధ్యే కుబుసం విడిచిందన్నమాట. బరువు నిండుగా తూగుతుంది గానీ అందులో నీరే ఎక్కువ. తోక తిప్పి కింద చూడండి. నారింజ రంగు గుడ్ల గుత్తి ఉంటే వద్దనండి. చిన్న సైజువీ వద్దు. రంగురంగుల ఆర్నాటస్ రకం ఎగుమతి చేయాలంటే కనీసం 500 గ్రాములుండాలని 2003లోనే కేంద్రం నిబంధన పెట్టింది. ఎగుమతికి పనికిరాని పిల్లను మనం మాత్రం ఎందుకు తినాలి?

నీళ్లు పూర్తిగా కారిపోయాకే తూకం వేయించండి. ఉత్త బుట్ట పెట్టి సున్నా చూపించాకే లాబ్‌స్టర్‌ను అందులో పెట్టమనండి. కాటాపై ఉండగా అంకె కనబడేలా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మార్చేస్తారేమోనన్న అనుమానానికి కూడా అదే మందు. ఉడికాక రంగు ఎర్రబడుతుంది గానీ విరిగిన మీసం, ఊడిన కాలు ఎక్కడివక్కడే ఉంటాయి. తలతో సహా వడ్డించమని ముందే చెప్పండి. ప్లేటులోకి వచ్చాక తోకను సాగదీసి వదిలితే మళ్లీ ముడుచుకోవాలి. చాచినట్టు వదులుగా పడి ఉంటే పొయ్యి ఎక్కేసరికే అది చచ్చి ఉందని అర్థం.

వంట విషయంలో మా సలహా ఒకటే: చీజ్ వేసే థర్మిడార్ జోలికి పోవద్దు. పాత కండ దాచడానికి అంతకన్నా మంచి దుప్పటి లేదు. నిలువుగా చీల్చి, పేగు తీసి, వెన్న, వెల్లుల్లి రాసి, ఎక్కువసేపు పెంకు వైపే నిప్పు తగిలేలా కాల్చమనండి. అరకిలోదానికి ఏడెనిమిది నిమిషాలు చాలు. అద్దంలా ఉన్న కండ పాలరంగుకు తిరగ్గానే దించేయాలి, ఇంకో అయిదు నిమిషాలుంటే రబ్బరే. ఇగురు కావాలంటే మసాలా నూనె తేలేదాకా విడిగా వేగనిచ్చి, ముక్కలు చివరి నాలుగు నిమిషాల్లో వేయమని చెప్పండి. మొదట్నుంచీ మసాలాతో ఉడికిస్తే మసాలా రుచి తప్ప ఏమీ మిగలదు. తల, కాళ్లు పారేయనివ్వకండి, మిరియాలేసి చారు పెట్టమంటే చాలాచోట్ల పెడతారు. తలలోని పచ్చటి గుజ్జు మాత్రం పిల్లలకు పెట్టకపోవడమే మంచిది. రొయ్య, పీత పడనివాళ్లు దీన్ని ముట్టకూడదు, అలాంటివాళ్లలో ఎక్కువమందికి ఇదీ పడదు.

అండమాన్ పర్యాటక శాఖకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. లాబ్‌స్టర్ వడ్డించే ప్రతి హోటలూ వంద గ్రాముల ధరను ఏరోజుకారోజు బోర్డు మీద రాసేలా, సీలు వేసిన కాటా మీద కస్టమర్ ఎదుటే తూచేలా ఆదేశించాలి. అంతవరకూ బిల్లులో తేడా వస్తే యాత్రికులు అక్కడికక్కడే 1915కు ఫోన్ చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇట్లు,
మత్స్య వ్యాపారులు కొందరు,
విశాఖపట్నం