పొయ్యి రాజేసే ముందు

అమ్మలూ,

మేం సంక్రాంతి దాటాకే గుంటూరు నుంచి వస్తాం. ఈసారి ఈ అమెరికా వెర్మాంట్ చలికాలం, రంపపు పొట్టు నొక్కి చేసిన గుళికలతో (పెల్లెట్లతో) మండే మన పెల్లెట్ స్టవ్ రెండూ నీ నెత్తినే. ఫోన్లో చెబితే సగమే వింటావని రాసి ఫ్రిజ్ మీద అంటిస్తున్నాను. అక్టోబరు దాటనివ్వకు.

ముందు ప్లగ్ పీకెయ్. లోపల పెల్లెట్లు కాలే ఇనుప గిన్నె ఉంది చూడు, దాని చిల్లుల్లో బూడిద గాజుపెంకులా కరుడు కడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకి, లైటుకు అడ్డంపెట్టి చూడు. ప్రతి చిల్లులోంచీ వెలుగు కనపడాలి. గాలి ఆడకపోతే మంట ఎర్రగా, బద్ధకంగా ఊగుతూ మసి కక్కుతుంది. మీ నానమ్మ పొట్టుపొయ్యి కూరేటప్పుడు మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టించి, సీసాని తిప్పుతూ మెల్లగా పైకి లాగేది. ఆ దారి కూలిందా, ఇల్లంతా పొగే. ఇదీ అదే పొట్టు, అదే గాలి గొడవ. కరెంటొక్కటే ఎక్కువ.

నేను బోల్తా పడింది మాత్రం పొగగొట్టం దగ్గర. మూడేళ్ల కిందట గిన్నె, అద్దం తళతళలాడించి పనైపోయిందనుకున్నా. జనవరిలో ఓ రాత్రి స్టవ్ వెలగడం, పది నిమిషాలకు ఆరిపోవడం. మూడు దుప్పట్లలోంచి మీ అమ్మ చూసిన చూపు నేను మర్చిపోలేదు. తీరా చూస్తే గోడ బయట గొట్టం మలుపులో మెత్తటి బూడిద, సిమెంటు బస్తా విప్పినట్టు. అందుకని కింద బకెట్ పెట్టుకుని ఆ మలుపు దగ్గరి మూత విప్పు. పొడుగు బ్రష్ గరాజ్‌లో చీపురు పక్కనుంది. మంట వెనక పలకలు తీసి ఆ అరలనీ, పొగ లాగే ఫ్యాన్ రెక్కలనీ దులుపు.

పెల్లెట్లు పోసే డబ్బా అడుగున చేరిన పొడి కూడా ఊడ్చెయ్, లేకపోతే పెల్లెట్లను నెట్టే మర దగ్గర ఇరుక్కుంటుంది. 40 పౌండ్ల బస్తాలు 50, అంటే ఒక టన్ను, గరాజ్‌లో వేయించాను. తడిసిన బస్తా వాడకు, ఉబ్బి మళ్లీ పొట్టయిపోతుంది.

తలుపులో డాలర్ నోటు పెట్టి మూసి లాగు. సులువుగా వచ్చేస్తే చుట్టూ ఉన్న తాడు మార్చాలి. అద్దానికి తడి పేపరు బూడిదలో అద్ది రుద్దు. చిన్నప్పుడు లాంతరు చిమ్నీలు నేనూ బూడిదతోనే తోమేవాణ్ణి.

ఏప్రిల్ నుంచి వెలగలేదు కాబట్టి ఇప్పుడు ఫర్వాలేదు. సీజన్లో మాత్రం పూర్తిగా చల్లారాకే వ్యాక్యూమ్ పెట్టు, బూడిద కింద నిప్పు గంటల తరబడి దాక్కుంటుంది. ఎత్తిన బూడిద మూతున్న ఇనుప బకెట్లోనే, అదీ చెక్క డెక్ మీద కాదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీలు మార్చు, ఆ గ్యాస్‌కి వాసనుండదు.

మొదటిసారి వెలిగించాక మంట వీడియో పంపు. నీకు రాత్రి ఎనిమిదైతే గుంటూర్లో తెల్లారుతుంటుంది, నేను లేచే ఉంటాను. పసుపుగా, చురుగ్గా ఎగురుతుంటే సరే. అలా లేకపోతే ఆపేసి నాకు ఫోన్ చెయ్.

నాన్న