గ్రామప్రియ కొనేవారికి ముందే చెప్పాల్సిన మాట

ఆనందపురంలోని మా కోడిపిల్లల కేంద్రానికి వచ్చేవారిలో ఎక్కువమంది అడిగేది గ్రామప్రియ రకం కోడినే. గుడ్ల కోసమైతే మేమూ దాన్నే ఇస్తాం. నాటుపెట్ట ఏడాదికి 60, 70 గుడ్లు పెడితే గొప్ప. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ అదే పెరట్లో తిరుగుతూ ఏడాదిన్నర వయసు వచ్చేలోపు 160 నుంచి 180 దాకా పెడుతుంది. మాంసం కూడా కావాలంటే వనరాజ రకం కోడి మేలు. దాని గుడ్లు మాత్రం 100, 110 దగ్గర ఆగుతాయి.

ఈ లెక్క మేతను బట్టి ఉంటుంది. పగలు ఏరుకున్న పురుగులూ గింజలూ చాలవు. సాయంత్రం గూటికి చేరే వేళకు నూకలో రాగులో, కాస్త తవుడో పడాలి. గుడ్లు మొదలయ్యాక ఆల్చిప్పల పొడి తప్పనిసరి.

ఇక అసలు విషయం. గ్రామప్రియ పొదగదు. పొదుగుకు కూర్చున్న కోడి గుడ్లు పెట్టడం మానేస్తుంది కాబట్టి, ఎక్కువ గుడ్లు పెట్టేవాటినే తరతరాలుగా ఎంచుకుంటూ రావడంతో ఆ స్వభావం దాదాపు పోయింది. దాని గుడ్లను నాటుపెట్ట కింద పెడితే పిల్లలు వస్తాయి, కానీ అవి పెద్దయ్యాక తల్లితో సమానంగా గుడ్లు పెట్టవు. గ్రామప్రియ వేర్వేరు కోడి వంశాలను కలిపి పుట్టించిన సంకరం. తర్వాతి తరంలో ఆ గుణాలు చెదిరిపోతాయి. అంటే మందను మార్చిన ప్రతిసారీ పిల్లలను కొనాల్సిందే. అది మా వ్యాపారానికి మంచిదే, అయినా ఆ ఖర్చు మీకు ముందే తెలియాలి. పాడేరు, అరకు వైపు కొండ ఊళ్లవారికి మరీ మరీ చెబుతున్నాం: ఉన్న నాటుకోళ్లన్నీ అమ్మేసి దీనికి మారిపోకండి. నాలుగు నాటుపెట్టలు ఇంట్లో ఉంటే, మా దగ్గరికి రాలేని ఏడాది కూడా మంద నిలబడుతుంది.

మా అమ్మకంలో ఒక మార్పు. ఒకరోజు పిల్లలను ఇకపై ఇళ్లకు ఇవ్వం. మొదటి వారం వాటికి దాదాపు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. రాత్రి కరెంటు పోతే చలికి ఒకదానిమీద ఒకటి ఎక్కి, కింద పడినవి ఊపిరాడక చచ్చిపోతాయి. ఆరు వారాలు మేమే పెంచి, ఆ వయసు వరకు వేయాల్సిన టీకాలు వేయించి ఇస్తాం. మేత, మందుల ఖర్చు కలిసి ధర పెరుగుతుంది. ఎనిమిదో వారంలో వేసే కొక్కెర తెగులు టీకాను మాత్రం మీ మండల పశువైద్యశాలలో అడిగి మీరే వేయించుకోవాలి.

పిల్లల కోసం ఎండ ఎక్కకముందే రండి. గాలి ఆడే బుట్ట తెచ్చుకోండి.