పన్నెండు మొనల బోల్టు

ఒరేయ్ అబ్బీ,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టుకోకు, రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒక పని తగులుకుంటోంది. నాన్న మోకాలు పర్వాలేదు, చెల్లికి రాజంపేట ట్రాన్స్‌ఫర్ అయింది, కడప ఎండల సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఇక ఆగలేను, అసలు విషయానికి వస్తున్నా.

బావ పాత స్కోడా ఆక్టేవియా కారు గుర్తుందిగా, గండికి పోయినప్పుడు మనం ‘రాజావారు’ అని పేరు పెట్టిన బండి? రాజావారికి యాక్సిల్ బూటు, అదే చక్రానికి పోయే షాఫ్టు కీలు మీద గ్రీజు కారకుండా ఉండే రబ్బరు తొడుగు, చిరిగింది. గువ్వలచెరువు ఘాట్‌లో స్టీరింగ్ తిప్పినప్పుడల్లా టకటక చప్పుడు, చక్రం లోపలంతా గ్రీజు చిమ్మేసింది. బూటు మార్చాలంటే షాఫ్టు బయటికి తీయాలి, షాఫ్టు రావాలంటే గేర్‌బాక్స్ వైపు ఉన్న ఆరు బోల్టులూ విప్పాలి. ఒక షెడ్డుకు తీసుకుపోతే ఆ పిల్లోడు బోల్టు తల వైపు సరిగ్గా చూడనైనా చూడకుండా టార్క్స్ బిట్, అదే ఆరు రెక్కల నక్షత్రం లాంటి మొన, పెట్టి ఊపేశాడు. అది జారి ఒక తల లోపల కాస్త నలిగింది. వెల్డింగ్ పెట్టి తీయాల్సిందే, లేదంటే కోసేయాల్సిందే అన్నాడట. బావకు ఒకటే టెన్షన్, రాత్రి నాకు ఫోన్.

నేను పోయి టార్చి వేసి చూశాను. తల గుంటలో గ్రీజూ మట్టీ గట్టిగా పేరుకుపోయి ఉన్నాయి. ఒక సూదితో అదంతా గీకి, గుడ్డతో తుడిచి, మొనలు లెక్కపెట్టాను. పన్నెండు! టార్క్స్‌కు ఉండేవి ఆరే, అవి కూడా గుండ్రటి రెక్కల్లా ఉంటాయి. ఇవేమో సూటిగా, చదరపు మూలల్లా ఉన్నాయి. మూడు చదరాలను ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం తిప్పి పెడితే వచ్చే ఆకారం అది. దాన్ని ఎక్స్‌జెడ్‌ఎన్ అంటారు, ట్రిపుల్ స్క్వేర్ అని కూడా. ఫోక్స్‌వ్యాగన్, ఆడి, స్కోడా బండ్లలో తరచుగా కనిపిస్తుంది. అందులో టార్క్స్ బిట్ వదులుగా దూరిపోతుంది కాబట్టి పట్టినట్టే అనిపిస్తుంది, బలం పెట్టగానే మూలలు కొరికేస్తుంది. అదే నాకు ఒళ్ళు మండే విషయం! ఒక్క నిమిషం శుభ్రం చేసి చూస్తే తెలిసేదానికి వెల్డింగ్ దాకా పోతారా?

మన ఏడు రోడ్ల దగ్గరి టూల్స్ షాపుల్లో అడిగితే అందరూ టార్క్స్ పెట్టెలే చూపించారు. చివరికి ఎక్స్‌జెడ్‌ఎన్‌లో ఎం8 సైజు బిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. గుంట శుభ్రం చేసి, బిట్ నిలువుగా పెట్టి, అడుగు తగిలేదాకా సుత్తితో రెండు దెబ్బలు వేసి, తర్వాతే దాన్ని తిప్పే అర అంగుళం రాచెట్ పిడి తగిలించాను. నలిగిన బోల్టు కూడా ‘టక్’మని వదిలేసింది రా! బావ అక్కడే గంతులేశాడు. నువ్వు పక్కన ఉంటే ఒక కేక వేసేవాడివి. ఆ ఒక్క బోల్టుకు మాత్రం కొత్తది వేశాం.

అప్పటి నుంచి ఏ స్క్రూ కనబడినా తల చూడందే చెయ్యి పెట్టడం లేదు. మనం ప్లస్ అనుకునేవి కూడా ఒకటే రకం కాదు తెలుసా. మామూలు ప్లస్ పేరు ఫిలిప్స్, దాన్ని 1930ల్లో అమెరికాలో తెచ్చారు, మొదట వాడిన కారు కాడిలాక్. ప్లస్ గీతల మధ్య నుంచి సన్నగా ఇంకో నాలుగు గీతలు కనిపిస్తే అది పోజిడ్రైవ్. తల మీద చిన్న చుక్క ఉంటే జేఐఎస్, అంటే జపాన్ వాళ్ళ ప్రమాణం ప్రకారం చేసిన ప్లస్. దానికి ఫిలిప్స్ సరిగ్గా దిగదు, పైకి ఎగిరొచ్చి తల చెరిపేస్తుంది. మీ నాన్న పాత బైకు కార్బురేటర్ స్క్రూలు ఎందుకలా అయ్యాయో ఇప్పుడు అర్థమైందా? టార్క్స్‌లోనూ నడిమధ్య చిన్న పుల్ల లేచి ఉంటే మామూలు బిట్ దూరదు, నడుమ రంధ్రం ఉన్నదే కావాలి. ఇంకొన్ని బోల్టులకు తలే బయటికి నక్షత్రంలా ఉంటుంది, వాటికి ఈ10, ఈ12 అనే వేరే సాకెట్లు. సాకెట్లంటే గుర్తొచ్చింది, తుప్పు పట్టిన నట్టుకు ఆరు మూలల సాకెట్టే పెట్టు. అది నట్టు చదునుగా ఉన్న వైపులను పట్టుకుంటుంది. పన్నెండు మూలలది నట్టు మూలల్ని గుండ్రంగా అరగదీస్తుంది. అయినా చాలా షాపుల్లో ముందు అదే చేతికిస్తారు, ఎందుకో మరి...

సరే, నువ్వు దసరాకు వచ్చేటప్పుడు బెంగళూరులో దొరికితే ఎక్స్‌జెడ్‌ఎన్ ఎం10, ఎం12 పట్టుకురా, పొడుగు రకమే తీసుకో, పొట్టివి లోపలికి అందవు. డబ్బులు ఇక్కడ ఇస్తాను. ఇంకా బ్రేక్ కాలిపర్ బోల్టుల సంగతి కూడా నీకు చెప్పాలి, అందులో ఒకటి ఎలెన్ కీ (ఆరు పలకల తాళంచెవి) పట్టేది అనుకుంటే... అదిగో బావ కింద హారన్ కొడుతున్నాడు, రెండో వైపు బూటు కూడా ఈరోజే వేసేయాలంట. మిగతాది ఫోన్‌లో.

నీ అబ్బి