మెట్లు కొట్టించేస్తున్నా నాయనా

నాయనా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు గట్టిగా మాట్లాడావు, నేను కోపంలో పెట్టేశాను, మధ్యలో మీ అమ్మ నలిగిపోయింది. ఫోన్లో అయితే నన్ను చెప్పనివ్వవు, అందుకే ఇది రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నా. తీరిగ్గా చదువు.

పక్కింటి మావయ్య మన మీద అర్జీ పెట్టాడని కదా నీ మంట. నీకో సంగతి చెప్పకుండా దాచాను. ప్లానులో మెట్లు ఇంటి లోపలే ఉన్నాయి. మన స్థలం 25 అంకణాలు, అంటే 200 గజాలు, వెడల్పు 30 అడుగులే. దక్షిణం పక్క మీటరు ఖాళీ వదిలినట్టు ఇంజనీరు గీసి, ఆన్‌లైన్లో పెట్టి పర్మిషన్ తెచ్చాడు. గోడలు లేచాక వాస్తు చూసే ఆయన వచ్చి హాల్లో మెట్లు వద్దు, బయట పెట్టుకోండి అన్నాడు. హాలు పెద్దదవుతుంది కదా అని నాకూ ఆశ పుట్టింది. మేస్త్రి పాపం ప్లానులో లేదు సార్ అన్నాడు కూడా, వేయమంది నేనే. ఇప్పుడు మెట్లకీ ప్రహరీకీ మధ్య నా అరచేయి దూరుతుందంతే. పైన చజ్జా అయితే గోడ దాటి వాళ్ళ పెరట్లోకి తొంగిచూస్తోంది.

మావయ్య ఒకటికి మూడుసార్లు వచ్చాడు. మెట్లకి సెంట్రింగ్ కొడుతున్నప్పుడే ‘అన్నా, కొలత ఒకసారి చూసుకో’ అన్నాడు. మా స్థలంలో మేం కట్టుకుంటున్నాం, నీ స్థలంలోకి రాలేదుగా అని నేను పెద్ద లాయర్‌లాగా మాట్లాడా. మూడోసారి ఆయన ఏమీ అనకుండా చజ్జా వైపు చూసి వెళ్ళిపోయాడు, ఆ తర్వాత వారానికి నోటీసు వచ్చింది.

మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళా. పొద్దున 11 గంటలకి వంటింట్లో లైటు వేసుకుని కూర తరుగుతోంది మీ అత్తయ్య. ఆ కిటికీ నువ్వు మూడో తరగతి చదివేటప్పుడు పెట్టింది, ఇప్పుడు దానికెదురుగా మన మెట్ల కింద సిమెంటు కనపడుతోంది. మన మెట్ల మలుపులో నిలబడితే వాళ్ళ బట్టలారేసే చోటు, స్నానాల గది తలుపు అన్నీ కనపడతాయి, కోడలు ఉన్న ఇల్లు అది. రేపు కార్తీకంలో వానలు పడితే మన చజ్జా నీళ్ళన్నీ వాళ్ళ గోడకే.

వకీలుని కూడా అడిగా. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం కిటికీలోంచి గాలీ వెలుతురూ 20 ఏళ్ళు అడ్డు లేకుండా వస్తే అది వాళ్ళ హక్కే అవుతుందట, అంటే మన స్థలమే అయినా కోర్టుకి పోతే మనకు చిక్కే. ఇక నువ్వు చెప్పిన బీపీఎస్, అదే ప్లాను తప్పి కట్టినవాటిని డబ్బు కట్టించుకుని సక్రమం చేసే సర్కారు పథకం. అది 2015లో, 2019లో వచ్చింది, 2025లోనూ వచ్చింది, కానీ ఈసారి ఆగస్టు 31 లోపల కట్టినవాటికే. మనం పునాది తీసిందే దసరా దాటాక. ఇంకోటి వస్తుందిలే అని కూర్చోడానికి నాకు ఓపిక లేదు. ఇంటి పన్నులో పెనాల్టీ కట్టేద్దాం అన్నావు, అది ఏటా కడుతూనే ఉండాలి, కట్టినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు. పైగా 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఓసీ, అంటే ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే సర్టిఫికెట్, చూడకుండా కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇవ్వొద్దంది, బ్యాంకులకూ అదే చెప్పింది. నీ లోన్ సంగతి నువ్వే ఆలోచించు.

‘ఎంతో కొంత ఇచ్చి సర్దెయ్ నాన్నా’ అన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. ఎవరికిస్తాం? ఇచ్చినా ఆ వంటింట్లోకి వెలుతురు వస్తుందా?

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నువ్వు బెంగళూరులో ఉన్నావు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి బండ్లు ఆగిపోయాయి, నువ్వు రాలేకపోయావు. మన పాత పెంకుటింట్లో మోకాళ్ళ దాకా నీళ్ళు. మీ నాయనమ్మని మంచంతో సహా ఎత్తి వాళ్ళ మిద్దె మీదికి చేర్చింది ఈ మావయ్యే, మూడు రాత్రులు అక్కడే పడుకున్నాం. ఆ పెంకుటిల్లు పడగొట్టిన చోటే ఇప్పుడు ఆయన కిటికీకి అడ్డంగా మెట్లు కట్టా. రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

మేస్త్రితో మాట్లాడేశా. గురువారం నుంచి మెట్లు కొట్టేస్తారు, చజ్జా కూడా ప్లానులో ఉన్న కాడికి కోస్తారు. కొట్టడానికి, మట్టి ఎత్తడానికి, లోపల మళ్ళీ వేయడానికి అంతా కలిపి లక్షా పాతిక చెప్పాడు. నా పోస్టాఫీసు డబ్బులు తీస్తా, నువ్వు పంపక్కర్లేదు. హాలు చిన్నదవుతుంది, మీ అమ్మ సోఫా అటు తిప్పుకుంటానంటోంది. వాస్తు ఆయనకి మాత్రం నేను ఫోన్ చేయను, చేస్తే ఇంకేదో చెప్తాడు.

స్టీలు రైలింగుకి అడ్వాన్సు ఇస్తానన్నావు కదా, ఇవ్వకు. లోపల మెట్లు మలుపు తిరుగుతాయి, కొలత మారుతుంది. కొత్త కొలత మేస్త్రి తీశాక పంపిస్తా.

మీ నాన్న