అమ్ముడైన చీరల ఫొటోలు ఇక మసకగా కనిపించవు

మా యాప్‌లో చీర అమ్ముడైపోతే ఇప్పటిదాకా దాని ఫొటోను మసకగా చూపించేవాళ్లం. ఈ వారం అప్‌డేట్‌తో అది ఆపేస్తున్నాం. ఇక్కత్ అమ్మే మాకు రంగే ప్రాణం కాబట్టి కారణం వివరంగా చెబుతున్నాం.

ఫొటో ఎంత మసకబారాలో యాప్‌లో 'ఆల్ఫా' అనే అంకె నిర్ణయిస్తుంది. 1 అంటే పూర్తిగా కనిపిస్తుంది, 0 అంటే అసలు కనిపించదు. అమ్ముడైన చీరలకు 0.4 ఉండేది. అంటే నూటికి నలభై పాళ్లు చీర, అరవై పాళ్లు వెనకున్న స్క్రీన్ రంగు. పుట్టపాక తేలియా రుమాల్ చీరనే తీసుకోండి. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. తెల్ల స్క్రీన్ మీద ఆ ఎరుపు గులాబీ అవుతుంది, నలుపు బూడిద రంగులోకి దిగుతుంది. డార్క్ మోడ్‌లో, అంటే నల్ల స్క్రీన్ మీద, అదే ఎరుపు ముదురు మెరూన్, తెలుపేమో బూడిద. ఒకే చీరను అక్కాచెల్లెళ్లిద్దరూ తమ తమ ఫోన్లలో చూసి వేరే వేరే రంగులు చెబుతారు. పైగా ఇక్కత్‌లో నూలును ముందే ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. మసక ఫొటోలో ముందు పోయేది ఆ అందమే.

అమ్ముడైనదాని రంగుతో పనేంటి అనుకోవచ్చు. మీలో చాలామంది అమ్ముడైన చీర చూపించే "ఇలాంటిది నేయించగలరా?" అని అడుగుతారు. అందుకే వాటిని యాప్‌లోంచి తీసేయడం లేదు కూడా.

ఇకపై ఫొటో పూర్తి రంగుల్లోనే ఉంటుంది. కింద ముదురు పట్టీ మీద తెల్ల అక్షరాలతో 'అమ్ముడైంది' అని వస్తుంది. ఆ పట్టీలోంచి కూడా చీర కనిపించదు. కనిపిస్తే తెల్ల కొంగు మీద ఆ అక్షరాలు చదవలేం. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. చూపు తగ్గిన పెద్దవాళ్ల కోసం మేం అంతకన్నా ఎక్కువే పెట్టించాం.

'కొనండి' బటన్ సంగతి వేరు, అమ్ముడైన చీరకు అది ఉండకూడదు. ఆండ్రాయిడ్‌లో ఆల్ఫా 0 చేస్తే బటన్ కనిపించదు గానీ వేలు తగిలితే పనిచేస్తుంది. 'ఇన్విజిబుల్' చేస్తే పనిచేయదు, ఖాళీ చోటు మాత్రం మిగులుతుంది. 'గాన్' అంటే చోటుతో సహా పోతుంది. మేం గాన్ పెట్టించి, ఆ చోట్లో 'ఇలాంటిది నేయించండి' బటన్ ఇచ్చాం.

ఫొటోల మీద అడ్డంగా ఉండే మా షాపు పేరు కూడా తీసేశాం. ఫొటోలు ఎత్తుకుపోతారన్న భయం లేకపోలేదు. కానీ చీర డిజైన్‌ను కప్పేసే పేరు మాకొద్దు.

ఇంత చేసినా ఫోన్ స్క్రీన్‌ను బట్టి, బ్రైట్‌నెస్‌ను బట్టి రంగు కొంచెం తేడా వస్తుంది. అది మా చేతిలో లేదు. పెళ్లి చీరల్లాంటివి కొనేటప్పుడు పగటిపూట వీడియో కాల్ చేయండి, చీరను ఎండ వెలుతురులోకి తెచ్చి చూపిస్తాం.