యెరూషలేము నాణెం కొనేముందు

సంపాదకులకు నమస్కారం.

మా పెద్దమ్మ యెరూషలేము యాత్ర నుంచి వచ్చి, ముఖమల్ సంచిలోంచి ఒక వెండిరంగు బిళ్ల తీసి నా చేతిలో పెట్టింది. యేసును పట్టిచ్చినందుకు ఆయన శిష్యుడు ఇస్కరియోతు యూదాకిచ్చిన ముప్పై వెండి నాణేల్లో ఇదొకటని చెప్పి, అక్కడ ఒకాయన 150 డాలర్లకు అమ్మాడట. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వరుసకట్టి దాన్ని కళ్లకద్దుకున్నారు.

నేను బైబిల్ కాలేజీలో రెండేళ్లు హీబ్రూ చదివాను. బిళ్ల మీద ఒకవైపు పొగలు లేస్తున్న పాత్ర, రెండోవైపు ఆకుల కొమ్మ. చుట్టూ ఉన్న అక్షరాలు తడుముకోకుండా చదివేశాను: 'ఇశ్రాయేలు షెకెలు', 'పరిశుద్ధ యెరూషలేము'. (షెకెలు అంటే ఆనాటి వెండి నాణెం, మన తెలుగు బైబిల్లో 'తులము' అంటాం.) అక్కడే గుండె జారింది. అసలు నాణెమైతే నాకు అంత తేలిగ్గా అర్థం కాకూడదు. క్రీ.శ. 66-70 మధ్య రోము మీద తిరగబడిన యూదులు ముద్రించిన వెండి షెకెళ్ల మీద ప్రాచీన హీబ్రూ లిపి ఉంటుంది. ఇప్పటి హీబ్రూ బైబిళ్లలోని చతురస్రపు అక్షరాలు ఉండవు. ఆ పాత్రలోంచి పొగ రాదు. పాత్ర పైన తిరుగుబాటు ఎన్నో ఏడో చెప్పే అక్షరం, వెనకవైపు ఒకే కాడకు మూడు దానిమ్మలు ఉంటాయి. భూతద్దంతో చూస్తే పెద్దమ్మ బిళ్ల అంచు చుట్టూ పోతపోసిన అతుకు గీత కూడా కనిపించింది, అచ్చుకొట్టిన అసలు నాణేనికి అది ఉండదు.

ఇలాంటి బిళ్లలను 'గోర్లిట్స్ షెకెళ్లు' అంటారు. జర్మనీలోని గోర్లిట్స్ పట్టణంలో, యెరూషలేములోని యేసు సమాధి మందిరానికి నమూనా కట్టారు, 1504 నాటికి అది పూర్తయింది. ఆ తర్వాత అక్కడికొచ్చే భక్తులు జ్ఞాపకంగా ఈ బిళ్లలు తీసుకెళ్లేవారని చెబుతారు. పాత్రను మన్నా (అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం) ఉంచిన పాత్రగా, కొమ్మను మోషే అన్న అహరోను చిగిరించిన చేతికర్రగా భావించారు. భక్తితో చేసిన వస్తువే, అందులో తప్పేమీ లేదు. పురాతన నాణెమని అమ్మడమే మోసం.

ఇంకో మాట. తిరుగుబాటు నాటి అసలు షెకెలు దొరికినా అది ఇస్కరియోతు యూదాకిచ్చినది అయ్యే వీల్లేదు, యేసు సిలువ తర్వాత ముప్పై ఏళ్లు దాటాకే అవి పుట్టాయి. యేసు రోజుల్లో యెరూషలేము దేవాలయ పన్నుకు వాడింది తూరు పట్టణపు షెకెళ్లు, ఆ ముప్పై నాణేలూ అవే అయ్యుండొచ్చు. వాటి మీద ఉన్నది ఆ పట్టణపు దేవుడు మెల్కార్తు తల, గద్ద.

యెరూషలేము యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్థిక సాయం ఇచ్చింది. పాస్‌పోర్టు, టీకాల గురించి చెప్పినట్టే, ఈ నాణేల గురించీ యాత్రికులకు తెలుగులో ఒక పేజీ ఇవ్వాలి. ఇశ్రాయేలు 1978 చట్టం ప్రకారం పురాతన వస్తువులు అమ్మేవాళ్లకు లైసెన్సు ఉండాలి, దేశం దాటించాలంటే అనుమతి కావాలి. అంటే నాణెం నిజమైనదైతే టెన్షన్ ఇంకా ఎక్కువ! అలాగే మన ప్రభుత్వ మ్యూజియంలలో నెలకొక రోజు, జనం తెచ్చిన నాణేలను చూసి చెప్పే ఏర్పాటు చేయాలి. హైదరాబాద్ స్టేట్ మ్యూజియంలో వేల నాణేలున్నాయి, అవి తెలిసిన మనుషులూ ఉంటారు కదా.

ఆ పేజీ రాసిపెట్టడానికి నేను సిద్ధం, రూపాయి అక్కర్లేదు.

- ఒక పాఠకురాలు, గుంటూరు