అమ్మ ఉత్తరం

నాన్నా,

పచ్చళ్ళ పార్సిల్ అందిందా? గోంగూర సీసా మూత వదులుగా ఉంది, నిలబెట్టే ఉంచు. ఇక్కడ వరి పనలమీద ఉండగానే ముసురు పట్టింది. మీ నాన్నకు చేలోనే తెల్లారుతోంది.

నువ్వు రాత్రిళ్ళు లైటు ఆర్పడం లేదని బుజ్జిగాడు చెప్పాడు. వాణ్ణి తిట్టకు. నేను అడిగానని చెప్పాడు. బండి సంగతి నేనెత్తను. అన్నం మాత్రం మానకు. కాఫీలు తగ్గించు.

ఈ గాలికి ఉప్పెన గుర్తొస్తోంది. 1977 నవంబరు 19, శనివారం. నాకు ఏడేళ్ళు. తాతయ్య నన్ను పంచెతో వీపుకు కట్టుకుని తుమ్మచెట్టెక్కారు. చంటాడు అమ్మమ్మ చంకలో. తెల్లారి నీళ్ళు తీసేసరికి అమ్మమ్మ గుప్పిట్లో వాడి మొలతాడు మాత్రం ఉంది. దివిసీమలో వేలమంది పోయారు, ఎవరిని ఎవరు ఓదారుస్తారు? మా ఇంట్లో వాడి పేరే ఎత్తలేదు. ఏటా కార్తీకంలో గాలి లేస్తే తాతయ్య చాంతాడు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేవారు. అమ్మమ్మ నిద్ర నటించేది. నేనూ అంతే.

1998లో నువ్వు పుట్టాక అమ్మమ్మ నిన్ను కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోస్తూ ఉన్నట్టుండి చెంబు వదిలేసింది. "నేనే జారవిడిచాను వాణ్ణి" అని ఒకటే ఏడుపు. తాతయ్య పెరట్లోంచి వచ్చి, "నువ్వు కాదే, ఆ కొమ్మ ఆగదని తెలిసీ నిన్ను దానిమీద కూర్చోబెట్టింది నేను" అన్నారు. ఒకే మంచంమీద ఇరవైయొక్కేళ్ళు, ఎవరి తప్పు వాళ్ళే మోశారు. నువ్వు సబ్బుతో వణుకుతున్నావు, నేనే తుడిచాను.

బండి నువ్వు నడిపావు నిజమే. లారీ అడ్డం తిప్పింది నువ్వు కాదు. చూశావా, ఎత్తనన్నాను, ఎత్తేశాను. నాతో చెప్పడానికి నోరు రాకపోతే 14416కి ఫోన్ చెయ్యి. మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడడానికి సర్కారు పెట్టిన నంబరు అది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. మన అంగన్‌వాడీ టీచరు కాగితంమీద రాసిచ్చింది. అది పచ్చళ్ళ అట్టపెట్టెలో, కారప్పొడి కింద పెట్టాను.

ఆదివారం బస్సుకు మీ నాన్న వస్తున్నారు. ఏమీ అడగరు, పక్కన పడుకుంటారు. ఆయనకు చాప చాలు. లైటు ఉండనీ. వెలుతురున్నా ఆయనకు నిద్రపడుతుంది.

అమ్మ